బిలోలి కోర్టు అరుగు మీద

మాఫీ కాయితం రాయాలన్నది.
ఏ బ్యాంకుదమ్మా, అడిగాను తలెత్తకుండానే.
ఆ ఏడు నా రేకుపెట్టె నిండా పంటరుణాల అర్జీలే.
మాఫీ అంటే నా చేతికి తెలిసింది అదొక్కటే.

బ్యాంకుది కాదు, నా మనిషిది, అన్నది.

అప్పుడు చూశాను.
ధర్మాబాదు మిరప యార్డు నుంచి తొలి బస్సుకొచ్చిన మనిషి,
కొంగు విదిలిస్తే నాకు తుమ్మొచ్చింది.
ఖాసింబీ. పింజారి మదార్‌సాబు భార్య.
గోనెల లెక్కలో రెండు తక్కువైన రాత్రి
తోటి హమాలీ బుడేన్
బస్తాలెత్తే కొక్కేన్ని అతని మెడలో దించాడు.
ఇద్దరూ ఒకే సైకిల్ మీద పనికొచ్చేవాళ్లు.
అన్నం గిన్నె పట్టుకుని ఆమె ఒక్కతే చూసింది.

నాలుగు నెలల పది రోజులు గడప దాటలేదు.
అన్నాళ్లూ వాడి తల్లి మాలంబీ
రోజూ వచ్చి గడప బయట కూచునేది.
మాట లేదు.
ఖాసింబీ వంతు మిరపకాయలకు తొడిమలు తీసి,
పొద్దుగూకాక చేతులు దులుపుకుని పోయేది.
మిరప కాలంలో ఆ వాడలో అందరి కళ్లూ నీళ్లే,
ఎవరిది ఏడుపో ఎవరూ అడగరు.

జమాతు పెద్దలు చెప్పారట:
నెత్తురుకు నెత్తురడిగే హక్కు నీది,
విడిచిపెడితే అంతకన్నా పెద్ద పుణ్యం,
కాబట్టి కోర్టులో చూడలేదని చెప్పు.

"మొదటి రెండు మాటలు అల్లావి,
మూడోది వీళ్లది" అన్నది నాతో.
"రాయి. నా పెనిమిటి నెత్తురు నేను ఇడిసిపెట్టిన.
రేపు లెక్కల దినం నాడు
బుడేన్ అంగీ పట్టుకొని నిలదియ్య.
రాసినవా?
కింద ఇంకోటి రాయి.
కండ్లతోని చూసింది మాత్రం చూసిన్ననే చెప్త."

కలం ఆగింది.
రెండూ ఒక్క కాయితంలో ఎట్లా పడతాయి?
పక్క కుర్చీ వకీలు పాన్ ఉమ్మొచ్చి నవ్వాడు.
ఇది రాజీకొచ్చే కేసు కాదమ్మా,
అసలు నీ కేసే కాదు, చూడు,
మహారాష్ట్ర సర్కారు, ఎదురు బుడేన్.
నీ పేరు ఎక్కడో కింద, సాక్షుల్లో మూడోది.

ఆమె ముఖం తేటపడింది.
నేను తప్పు చూశాననుకున్నాను.
"అట్లయితే మంచిదే కదా సారూ.
శిక్ష సర్కారుది, సర్కారు చూసుకుంటది.
నాది నేను చూసుకుంట."

నాకు మూడు భాషలొచ్చు.
తెలుగులో విని మరాఠీలో రాశాను,
ఆమె ఉర్దూలో బిస్మిల్లా అని వేలిముద్ర వేసింది.
విడిచిపెట్టాను అన్న చోట
మరాఠీ మాట రెండుసార్లు కొట్టేశాను.

బోనెక్కి చెప్పింది.
గిన్నె ఎక్కడ జారిందో, కొక్కెం ఏ చేతిలో ఉందో.
గొంతు పెంచలేదు, తగ్గించలేదు.
పదేళ్లు పడింది బుడేన్‌కు.
నేను రాసిన కాయితం ఫైల్లో ఎక్కడో కుట్టారు,
జడ్జి చదివాడో లేదో.

వరండాలో పోలీసు గొలుసు పట్టుకుని
బీడీ ముట్టించుకుంటుంటే
ఖాసింబీ వాడికి ఎదురెళ్లింది. నాకు గుండె ఝల్లుమంది.
వాడు తల దించాడు, గొలుసు చప్పుడైంది.

"మీ అమ్మను తొడిమలకు రమ్మను.
ఈసారి కూలి ఇస్త."

అంతే. బస్సు టైమైందని వెనక్కి తిరిగి
నా దగ్గరికొచ్చి కొంగు ముడి విప్పింది.
వద్దమ్మా, నా ఫీజు మాఫీ, అన్నాను,
ఆ మాట నా నోట కొత్తగా పలుకుతూ.
"రాసిన కూలి రాసిన కూలే" అని
మూడు పది నోట్లు పెట్టెమీద పెట్టి పోయింది.

నోట్లు మిరప ఘాటు.
మరిచిపోయి
అదే చేత్తో కన్ను తుడుచుకున్నాను.